జేసీబీ తిరిగిన ఎర్రనేలకి మళ్ళీ ప్రాణం వస్తుందా? (పద్మనాభం వైపు 30 సెంట్లు)

పద్మనాభం_30సెంట్లు:

అందరికీ నమస్కారం. మేం విశాఖలో సీతమ్మధారలో ఉంటాం. నిరుడు పద్మనాభం మండలంలో 30 సెంట్ల మెట్ట కొన్నాం. అంతకుముందు అక్కడ నీలగిరి తోట ఉండేది. అమ్మినవాళ్ళు చెట్లు కొట్టించి, జేసీబీతో మొదళ్ళు పెళ్ళగించి, నేలంతా చదును చేయించి ఇచ్చారు. బల్లపరుపుగా, ఎర్రగా, చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

వానాకాలంలో బెండ, వంగ, గోంగూర వేశాం. గోంగూర జానెడు ఎత్తులోనే పండుబారిపోయింది. వాన పడితే నీళ్ళు ఇంకవు, ఎర్రగా గట్టు దాటి పోతాయి. రెండు రోజులు ఎండ కాస్తే పైన అప్పడంలా పెచ్చు కడుతోంది. ఎంత తవ్వినా ఒక్క వానపాము కనపడలేదు. మట్టి పరీక్ష చేయిస్తే సేంద్రియ కర్బనం 0.28 శాతం అని వచ్చింది. ఎరువుల కొట్టులో చెప్పారని డీఏపీ, యూరియా వేశాం. వారం పది రోజులు పచ్చబడి మళ్ళీ మొదటికొచ్చింది.

మా నాన్నగారికి షుగరు. రిటైరయ్యాక తన చేత్తో పండించిన కూర తినాలని ఆయన కోరిక. పొద్దున్నే వెళ్ళి ఆ నేలలో చెప్పుల్లేకుండా తిరుగుతారు, అదే ఆయనకి ఆనందం. ఆయన కోసమైనా దీన్ని బాగుచెయ్యాలి. జీవామృతం పోస్తే సరిపోతుందా? లేక నల్లమట్టి తోలించాలా?

ఆనందపురం_ఆకుకూరలు:

తమ్ముడూ, నల్లమట్టి తోలించకు. డబ్బు పోతుంది, ఆ మట్టి ఇంకెవరి చేను మీదిదో, అక్కడా నేల బోడిదవుతుంది. మీ నేలలోనే సరుకుంది.

మాది ఆనందపురం దగ్గర ఎకరంన్నర, మీలాంటి ఎర్ర గరువే. ఎంవీపీ కాలనీ రైతుబజారుకి తోటకూర, గోంగూర, పాలకూర తెస్తాను. నేను ఏ పుస్తకం చూసి నేర్చుకోలేదు, మా చేలో ఒక మూల నేర్పింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి మా జీడిచెట్లు పదిహేడు పడిపోయాయి. మొదళ్ళు, పెద్ద కొమ్మలు కట్టెలకి అమ్మేశాం. ఈశాన్యం మూల మాత్రం మనుషులు దొరక్క ఆకు, రెమ్మలు అలాగే వదిలేశాం. రెండేళ్ళు అటు చూడలేదు. మూడో ఏడు మా అత్త ఆనపపాదు పెడదామని అక్కడ ఆకు చేత్తో తోసి, నన్ను కేకేసింది. కింద మట్టి కాఫీపొడి రంగులో ఉంది. తెల్లటి బూజు దారాలు ఆకుని మట్టికి కుట్టేసినట్టున్నాయి. వేలు పెడితే రెండో కణుపు దాకా దిగిపోయింది. పదడుగుల ఇవతల అదే నేల గునపానికి కూడా లొంగదు. అక్కడ ఎవరూ బస్తా ఎరువు వెయ్యలేదు, ఎవరూ దున్నలేదు. ఆ ఏడు నుంచి నేను నేలని బోడిగా ఉంచలేదు.

మొక్క ఆకులో వండుకున్న తీపిలో కొంత వేళ్ళగుండా మట్టిలోకి వదిలేస్తుంది. దానికోసం కంటికి కనపడని జీవాలు వేరు చుట్టూ చేరతాయి. అవి ఊరికే తినవు, మట్టిలో బిగిసిపోయిన భాస్వరం, జింకు లాంటివి విడదీసి వేరుకి అందిస్తాయి. వాటి జిగురుతో, బూజు దారాలతో మట్టి పలుకులు పలుకులుగా కట్టుకుంటుంది. ఆ పలుకుల సందుల్లోంచే నీరూ గాలీ దిగేది. జేసీబీ ఆ పలుకులన్నీ పిండి చేసి, పైమన్ను అడుక్కి తోసి, గ్రావెల్ పైకి తెచ్చింది. ఇక వాన చినుకు కొట్టిన ప్రతిసారీ ఆ పిండి సందుల్ని మూసేస్తుంది. మీరన్న అప్పడం అదే.

జీవామృతం గురించి అడిగావు. మేం ఎకరానికి 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, చెట్టు కింది గుప్పెడు మట్టి, 200 లీటర్ల నీళ్ళలో కలిపి రెండు రోజులు నీడన ఉంచి పోస్తాం. అది తోడు లాంటిది తమ్ముడూ. గిన్నెలో పాలుంటేనే తోడు పెరుగవుతుంది. మీ నేలలో ఇంకా పాలు లేవు. ముందు బాగా చివికిన గెత్తం, అదే పశువుల ఎరువు, రెండు ట్రాక్టర్లు తోలించు. పచ్చి గెత్తం మాత్రం వద్దు, కొమ్ముపురుగూ గాబూ (కలుపు) రెండూ దానితోపాటే వస్తాయి.

తరవాత ఈ ఎండల్లోనే నవధాన్యాలు చల్లు. రుతుపవనాల ముందు పొడి దుక్కిలో విత్తే ఈ పద్ధతిని ప్రకృతి వ్యవసాయం వాళ్ళు మన జిల్లాలోనూ చేయిస్తున్నారు. పేరుకి తొమ్మిదైనా నేను పదిహేను రకాలు కలుపుతాను: బొబ్బర్లు, పెసలు, మినుములు, ఉలవలు, కందులు, చోళ్ళు, గంటెలు, జొన్న, నువ్వులు, ఆవాలు, ధనియాలు, గోగు, ఆముదం, జనుము, జీలుగు. మీ 30 సెంట్లకి నాలుగు కిలోలు చాలు. బీజామృతం (పేడ, ఆవు మూత్రం, సున్నం కలిపిన నీళ్ళు) పట్టించి, పైన బంకమట్టి, బూడిద పూతలా అంటేలా దొర్లించి ఆరబెట్టు. చల్లాక ఎండుగడ్డి కప్పు. ఒక్క వేసవి జల్లుకే మొలుస్తాయి. ఒక్కో దాని వేరు ఒక్కో లోతుకి దిగుతుంది, నేలలో వాటి పని అవి చేస్తాయి.

బొబ్బరి పూతకొచ్చినప్పుడు ఒక మొక్క జాగ్రత్తగా పెకలించి చూడు. వేళ్ళకి ఆవగింజంత, మిరియమంత బుడిపెలుంటాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు కనపడాలి. కనపడితే గాలిలోని నత్రజనిని పట్టే పని నడుస్తున్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా మొదలవలేదన్నమాట. అప్పుడు నాకు చెప్పు.

పూత మీదే కోసి అక్కడే పడెయ్యి. వేళ్ళు పీకకు, అవి అక్కడే చివకాలి.

మట్టిపరీక్ష_విశ్రాంత:

నేను మట్టి నమూనాలు పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పైన అమ్మాయి చెప్పినది చాలావరకు సరే. రెండు మాటలు కలుపుతాను.

సేంద్రియ కర్బనం 0.5 లోపు ఉంటే తక్కువ, 0.5 నుంచి 0.75 దాకా మధ్యస్థం, ఆపైన ఎక్కువ అని కార్డుల్లో రాస్తాం. మీ 0.28 ఒక్క ఏడాదిలో 0.5 కాదు. మన ఎండలకి గెత్తం త్వరగా కరిగిపోతుంది, ఏటా పెడుతూనే ఉండాలి. అంకె కదలకపోయినా అధైర్యపడొద్దు. అంకె కంటే ముందు మట్టి పలుకు మారుతుంది.

దాన్ని ఇంట్లోనే చూడొచ్చు. మీ చేలోంచి నిమ్మకాయంత గడ్డ ఒకటి, ఎన్నడూ దున్నని చెట్టు కిందిది ఒకటి తెచ్చి, రెండు రోజులు నీడన ఆరనివ్వండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, టీ వడకట్టే జాలీలో పెట్టి మెల్లగా ముంచండి. ప్రాణమున్న మట్టి చాలాసేపు గడ్డగానే నిలుస్తుంది. లేనిది కళ్ళముందే జావయిపోతుంది. ఏటా ఒకే నెలలో చేసి ఫొటో తీసి పెట్టుకోండి.

డీఏపీ ఆపండి. అందులో ఉండే భాస్వరం అతిగా పడితే మొక్క ఆ బూజు దారాలతో పొత్తు తగ్గించుకుంటుంది, దాంతో జింకు అందడం కూడా పడిపోతుంది. ఇంకో సంగతి, నేల ఫ్యాక్టరీలకో, పాత చెత్తకుప్పలకో దగ్గరైతే ఆకుకూరలు వేసే ముందు సీసం, కాడ్మియం పరీక్ష కూడా చేయించండి. గెత్తంతో అవి పోవు.

నర్సు_గాజువాక:

నేను మీ నాన్నగారి గురించి రాస్తున్నాను. షుగరున్నవాళ్ళు తడి మట్టిలో చెప్పుల్లేకుండా నడవకూడదు. పాదానికి స్పర్శ తగ్గి ఉండొచ్చు, ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. ధనుర్వాతం సంగతి అందరికీ తెలుసు, మెలియాయిడోసిస్ అనే జబ్బు సంగతి చాలామందికి తెలియదు. దాని సూక్ష్మజీవి తడి మట్టిలో, బురదనీళ్ళలో ఉంటుంది, షుగరున్నవాళ్ళనే ఎక్కువగా పట్టుకుంటుంది. వానాకాలంలో రబ్బరు బూట్లు, చేతికి గ్లవ్సు, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షను, ఇంటికి రాగానే సబ్బుతో కాళ్ళూ చేతులూ కడుక్కోవడం. ఇవి తప్పనిసరి.

భయపెట్టాలని కాదు. మా వార్డులో మేం ఎక్కించే మందుల్లో ఎన్నో మట్టి ఇచ్చినవే. క్షయకి మొదటి గట్టి మందు స్ట్రెప్టోమైసిన్‌ని 1943లో మట్టిలోని సూక్ష్మజీవి నుంచే తీశారు. 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్ అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలం మట్టిలోది. ఆ మందు బయటికొచ్చిన లేడర్లే పరిశోధనశాలకి అప్పుడు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. తొలకరికి మట్టివాసన వస్తుందే, దాన్ని పుట్టించేదీ స్ట్రెప్టోమైసిన్ ఇచ్చిన ఆ స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులే. ఆ వాసన పీల్చిన ప్రతిసారీ నాకు మా వార్డు గుర్తొస్తుంది.

నాన్నగారిని ఆపకండి. రోజూ నేల మీద వంగి లేచే పని ఆయన షుగరుకీ మంచిదే. బూట్లు కొనివ్వండి.

పద్మనాభం_30సెంట్లు:

అక్కా, మాష్టారూ, సిస్టర్ గారూ, ముగ్గురికీ దండాలు. గ్లాసుల పరీక్ష ఇవాళ చేశాం. మా చేలో గడ్డ నేను వంద లెక్కపెట్టేలోపే కూలిపోయింది, నీళ్ళు టమాటా చారులా అయిపోయాయి. గట్టు మీది ముసలి వేపచెట్టు కింద తెచ్చింది గంటయినా అలాగే ఉంది, నీళ్ళు కూడా తేటగానే ఉన్నాయి. నాన్నగారు కుర్చీ లాక్కొని ఆ రెండు గ్లాసుల ముందే కూర్చున్నారు. భోజనానికి పిలిచినా లేవలేదు. చివరికి ఒకే మాట అన్నారు: "ఆ వేప కింద ఆకు ఇక ఎవర్నీ ఊడవనివ్వకండి."

బూట్లు తెచ్చాను, ఎనిమిదో నంబరు. గెత్తం రెండు ట్రాక్టర్లు మాట్లాడాను, శనివారం దిగుతుంది. జీలుగు, జనుము దొరకలేదు అక్కా, మిగతావన్నీ కొన్నాను.

ఆనందపురం_ఆకుకూరలు:

జనుము నా దగ్గర ఉంది తమ్ముడూ, కొనకు. ఆదివారం పొద్దున్న ఆరింటికి రైతుబజారుకి వస్తాను, ఆకుకూరల వరసలో చివర కూర్చుంటాను. నాన్నగారిని కూడా తీసుకురా.