ఇడ్లీ, జొన్న రొట్టె ఉన్న ఇంట్లో గ్లూటెన్ లేని బ్రెడ్ కోసం ఇంత పాటు అవసరమా?

నాచారం_అమ్మ:
మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. పోయిన సంవత్సరం సీలియాక్ అని తేలింది, అంటే గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు. రక్తపరీక్ష, ఎండోస్కోపీ రెండూ చేశాకే చెప్పారు. ఆ గ్లూటెన్ ఉండే గోధుమ, బార్లీ, రై (గోధుమలాంటి ఒక ధాన్యం) జీవితాంతం ముట్టకూడదు. ఇంట్లో తిండికి పెద్ద ఇబ్బంది లేదు. అన్నం, ఇడ్లీ, పెసరట్టు, జొన్న రొట్టె ఎలాగూ తింటాం. కానీ వాడు అడిగేది బ్రెడ్డు. స్కూల్లో పక్కవాడి డబ్బాలో శాండ్‌విచ్ చూసి వచ్చిన రోజు అన్నం సరిగ్గా తినడు. బయట దొరికే గ్లూటెన్ లేని బ్రెడ్ ఖరీదు ఎక్కువ, పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. అందుకే ఇంట్లోనే చేసి చూస్తున్నాను. మా అత్తయ్య మాత్రం ఒప్పుకోవడం లేదు. "వాడు తినగలిగినవి ఇన్ని ఉండగా, తినలేనిదానికి నకలు చేసి పెట్టి వాడి మనసు అటే లాగుతావెందుకు?" అంటారు. ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. మీరేమంటారు?

కర్నూలు_జొన్నచేను:
మీ అత్తయ్యగారి పక్షమే నాది. గ్లూటెన్ లేని బ్రెడ్ ప్యాకెట్ వెనక చదవండి. మొక్కజొన్న పిండిపదార్థం, బంగాళాదుంప పిండిపదార్థం, జిగురు, నూనె, చక్కెర. ప్రొటీన్ తక్కువ, పీచు తక్కువ. జొన్నల్లో నూటికి పది వంతుల దాకా ప్రొటీన్ ఉంటుంది. బ్రెడ్ ఆకారం కోసం ఆ జొన్నలో సగం తీసేసి తెల్లటి పిండి పోయాలా?

ఇంకో మాట. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో పెద్దవాళ్లలో సీలియాక్ ఉత్తర భారతంలో 1.23 శాతం, దక్షిణాదిన 0.10 శాతం అని తేలింది. ఈ జబ్బుకు దారితీసే జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు ఒకే స్థాయిలో ఉన్నాయి. పెద్ద తేడా గోధుమ తినే మోతాదులోనే కనిపించింది. మన వంటిల్లు ఎప్పుడూ గోధుమ మీద ఆధారపడలేదు. పిల్లవాడికి నేర్పాల్సింది ఆ ధైర్యం.

మెల్‌బోర్న్_కోడలు:
అన్నయ్యగారూ, ధైర్యం పెద్దవాళ్లకు చెప్పినంత తేలిగ్గా తొమ్మిదేళ్ల పిల్లవాడికి చెప్పలేం. వాడు అడిగేది పోషకాలు కాదు, నలుగురితో పాటు కూర్చుని అదే తిండి తినడం. నాకు సీలియాక్ ఉంది. పెళ్లయి ఇక్కడికి వచ్చాక తెలిసింది. ఆఫీసులో రోజూ నా డబ్బా గురించి వివరం చెప్పుకోవడం ఎంత అలసటో నాకు తెలుసు.

ఇక విషయానికి వస్తాను. చాలామంది ఇంట్లో చేసినప్పుడు చెడిపోవడానికి కారణం ఒకటే, గోధుమ పిండిని కలిపినట్టు కలపడం. గోధుమలో గ్లూటెన్ వల ఏర్పడుతుంది, ఈస్టు వదిలే గాలి ఆ వలలో చిక్కుకుంటుంది. జొన్నలో, బియ్యంలో ఆ వల లేదు కాబట్టి ఎంత పిసికినా లాభం లేదు. దాని బదులు నీళ్లను పట్టి ఉంచే జిగురు కావాలి. విదేశాల్లో జాంతన్ గమ్ వేస్తారు. మన దగ్గర అంతకంటే మంచిది మందుల షాపులోనే దొరుకుతుంది, ఇసబ్‌గోల్. అది గుజరాత్‌లో పండే పంట, కొత్త వస్తువేమీ కాదు. రుచి, రంగు, చక్కెర కలిపిన రకం వద్దు, ఉత్త పొట్టు తీసుకోండి.

నేను చేసే కొలత ఇది. జొన్న పిండి 150 గ్రాములు, బియ్యప్పిండి 120, కర్రపెండలం పిండి 100. ఇసబ్‌గోల్ 20 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు 6, చక్కెర 12, ఉప్పు 7, నూనె 20. నీళ్లు 400 మిల్లీలీటర్లు. అవును, పిండి కంటే నీళ్లే ఎక్కువ. ఇక్కడే చాలామంది భయపడి తగ్గిస్తారు, బ్రెడ్ ఇటుకలా వస్తుంది. ముందు ఇసబ్‌గోల్‌ను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెడితే జెల్లీలా గట్టిపడుతుంది. అందులో మిగతావన్నీ కలిపి, తడిచేత్తో టిన్నులో సర్దాలి. గోధుమ బ్రెడ్‌కు రెండుసార్లు పొంగనిస్తాం కదా, దీనికి ఒక్కసారే. పొంగాక కదిపితే లోపలి గాలి పోతుంది, మళ్లీ అంత రాదు. రెట్టింపు దాకా కూడా ఆగొద్దు, మొదటికి ఒకటిన్నర రెట్లయితే చాలు. 200 డిగ్రీల్లో దాదాపు గంట. లోపల 97 డిగ్రీలు వచ్చిందో లేదో థర్మామీటర్ గుచ్చి చూడండి, పైరంగు చూసి మోసపోకండి.

చల్లారే దాకా కోయొద్దు. వేడిలో పిండిపదార్థం ఇంకా గట్టిపడదు, లోపల బంకగా ఉంటుంది. పచ్చిగా ఉందనుకుని చాలామంది పారేస్తారు. పాపం, అది బాగానే ఉడికి ఉంటుంది.

జొన్న ఇందులో పెద్ద వాటాయే, సగం తీసేశాననకండి.

వరంగల్_ల్యాబ్:
కొలతల కంటే ముందు మాట్లాడాల్సింది పిండి ఎక్కడ పట్టిస్తున్నారన్నది. ఈ చర్చలో ఇది ఎవరూ ఎత్తకపోవడం నాకు భయంగా ఉంది. వీధి చివరి గిర్నీలో మీ ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని వెళ్లి ఉంటారు. రాళ్ల మధ్య, గొట్టంలో, అడుగున మిగిలిన గోధుమ పిండి మీ జొన్న పిండిలోకే వస్తుంది. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం ప్రకారం గ్లూటెన్ లేనిదని చెప్పాలంటే కిలోకు గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. కిలో అంటే పది లక్షల మిల్లీగ్రాములు. అంత చిన్న మోతాదు కంటికి కనిపించదు, జల్లెడ పడితే పోదు.

జొన్నలు శుభ్రంగా ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లో మిక్సీలోనో చిన్న మరలోనో పట్టుకోండి. ఆ మరలో గోధుమ ఎప్పుడూ వేయకండి. లేదా గ్లూటెన్ లేదని ముద్ర ఉన్న ప్యాకెట్ కొనండి. చపాతీ పీట, కర్ర, జల్లెడ, టోస్టర్ అన్నీ వాడికి వేరే ఉండాలి.

ఇంగువ డబ్బా మీద కూడా చదవండి. మనం కొనే ఇంగువ ఉత్తది కాదు, పిండి కలిపి చేసినది; అందులో చాలావరకు గోధుమ పిండో మైదానో కలుపుతారు. బ్రెడ్ మానేసి, రోజూ సాంబారులో ఇంగువ వేసి పెడుతూ "ఇంకా తగ్గలేదేంటి" అని టెన్షన్ పడే ఇళ్లు ఉన్నాయి. బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరుకుతుంది, వెతకండి. బొంబాయి రవ్వ, సేమియా గోధుమవేనని మీకు తెలిసే ఉంటుంది, ఇంటికొచ్చే చుట్టాలకు తెలియదు.

కర్నూలు_జొన్నచేను:
గిర్నీ సంగతి నిజం. దానికి ఎదురు మాట లేదు.

బ్రెడ్ దగ్గర మాత్రం నేను ఒక మెట్టే దిగుతాను. కోడలుగారూ, మీ జెల్లీ గురించి చదివాక మా అమ్మ రొట్టె చేసే పద్ధతి గుర్తొచ్చింది. ఎసరు మరగబెట్టి జొన్న పిండిలో పోస్తుంది. వేడినీళ్లకు పిండిలో కొంత ఉడికి జిగురు పట్టి, రొట్టె విరగకుండా చేతుల మీద సాగుతుంది. గ్లూటెన్ లేకుండా పిండిని నిలబెట్టే ఉపాయం మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. మీ కొలతలో జొన్న పిండిలో మూడో వంతు మరిగే ఎసరులో కలిపి చూడండి. ఆ ఎసరు నీళ్లు 400లోంచే తీయాలి, ఈస్టు మాత్రం పూర్తిగా చల్లారాకే. నా ఉద్దేశంలో ఇసబ్‌గోల్ సగానికి తగ్గించవచ్చు.

అసలు ఈస్టు కూడా ఎందుకు? మినప్పప్పు పిండి పులిస్తే దానంతట అదే పొంగుతుంది. మినుముల్లోని ప్రొటీను, అరబినోగలాక్టాన్ అనే జిగురు పదార్థం రెండూ కలిసి గాలి బుడగలను పట్టి ఉంచుతాయి. ఇడ్లీ మెత్తదనం అదే. ఇడ్లీ పిండిని బ్రెడ్ టిన్నులో పోసి ఆవిరికి ఉడికించి, చల్లారాక ముక్కలు కోసి, పెనం మీద నెయ్యితో కాల్చి చట్నీ రాసి ఇవ్వండి. వాడి శాండ్‌విచ్ వాడికి, మన తిండి మనకు.

మెల్‌బోర్న్_కోడలు:
ఎసరు ఉపాయం నాకు నచ్చింది, ముక్క మర్నాటికి కూడా మెత్తగా ఉండొచ్చు. ఇసబ్‌గోల్ సగానికి తగ్గించడం మాత్రం ఒప్పుకోను. ఎసరు తేమను నిలబెడుతుంది, పొంగిన గాలిని గంటసేపు ఓవెన్‌లో మోయలేదు. కావాలంటే 20 నుంచి 16కి దించండి, అంతకంటే కిందికి వద్దు.

ఇడ్లీ బ్రెడ్ ఇంట్లో వేడివేడిగా బాగుంటుంది. కానీ ఇడ్లీకి గాలిని పట్టే గుణం ఉంది, వంగే గుణం లేదు. ఉదయం కట్టిన డబ్బా మధ్యాహ్నం తెరిచేసరికి లోపలి కూర తడికి ముక్క విరిగిపోతుంది. పిల్లవాడు స్కూల్లో ఒక చేత్తో పట్టుకుని తినాలి కదా.

ఫిల్మ్‌నగర్_రన్నర్:
నాకు సీలియాక్ లేదు. రెండు నెలలుగా గోధుమ మానేశాను, పొట్ట తేలిగ్గా ఉంది. అందరూ మానేస్తే మంచిదే కదా?

వరంగల్_ల్యాబ్:
మీకు తేలిగ్గా ఉందంటే కారణం తెలుసుకోవాల్సిందే, కానీ మీరు క్రమం తిరగేశారు. సీలియాక్ ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష గోధుమ తింటూ ఉండగానే చేయాలి. మానేశాక ఆ పరీక్ష వెతికే యాంటీబాడీలు (గ్లూటెన్ వల్ల రక్తంలో పుట్టే ప్రొటీన్లు) తగ్గిపోతాయి, జబ్బు ఉన్నా లేనట్టు వస్తుంది. డాక్టరును కలిసి, పరీక్షకు ముందు మళ్లీ ఎన్నాళ్లు తినాలో అడగండి. నాచారం అమ్మగారూ, మీకూ ఒక మాట. వాడి చెల్లెలో అన్నో ఉంటే, మీ దంపతులిద్దరూ కూడా, లక్షణాలు లేకపోయినా పరీక్ష చేయించుకోండి. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు.

నాచారం_అమ్మ:
వాడి చెల్లికి వచ్చే వారమే చేయిస్తాం. ఇంగువ డబ్బా ఇప్పుడే తీసి చూశాను, గోధుమ పిండి అనే రాసి ఉంది. నాకెవరూ చెప్పలేదు.

ఈ చర్చ అత్తయ్యకు చదివి వినిపించాను. ఎసరు దగ్గరికి వచ్చేసరికి ఆవిడే ఆపి, "మూడో వంతు కాదు, సగం పోస్తేనే పట్టు వస్తుంది" అన్నారు. బ్రెడ్ చేయడానికి పూర్తిగా ఒప్పుకున్నారని కాదు. రోజూ వద్దు, వారానికి రెండు రోజులే అన్నది ఆవిడ షరతు. మిగతా రోజులు డబ్బాలో జొన్న రొట్టె చుట్టి కూర పెడతాం. నాకు అభ్యంతరం లేదు.

ఒక సందేహం. ఓట్స్ పిండి కలిపితే రుచి బాగుంటుందంటున్నారు, కలపొచ్చా?

మెల్‌బోర్న్_కోడలు:
ఇప్పుడే వద్దు. మామూలు ఓట్స్‌లో పొలం నుంచి మిల్లు దాకా గోధుమ, బార్లీ కలిసే అవకాశం ఎక్కువ. గ్లూటెన్ లేదని ముద్ర ఉన్నవి కూడా కొద్దిమందికి పడవు. వాడి రక్తపరీక్షలో అంకెలు మామూలు స్థాయికి వచ్చాక డాక్టరును అడిగి మొదలుపెట్టండి. అప్పటిదాకా రుచి కోసం కొర్ర పిండి ఒక 50 గ్రాములు బియ్యప్పిండి స్థానంలో వేయండి. వారానికి రెండు రోజులే అంటున్నారు కాబట్టి, చల్లారిన వెంటనే ముక్కలు కోసి, మధ్యలో కాగితం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. మామూలు ఫ్రిజ్‌లో పెడితే మాత్రం ఒక్క రోజులో గట్టిపడిపోతుంది.

కర్నూలు_జొన్నచేను:
అత్తయ్యగారు సగం అంటే సగమే పోయండి. వచ్చే వారం ముక్క కోసి ఫోటో పెట్టండి, లోపలి గుల్ల చూసి ఇసబ్‌గోల్ సంగతి మళ్లీ మాట్లాడదాం.