టోర్నడో సైరన్ మోగితే మూడో అంతస్తులో ఉన్నవాళ్లం ఎక్కడికి వెళ్లాలి? డాలస్‌కు కొత్తగా వచ్చిన కుటుంబం

పెద్దలందరికీ నమస్కారం. మేము ఫిబ్రవరిలో రాజమండ్రి నుంచి ఉత్తర డాలస్‌కు వచ్చాము. అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటున్నాము. ఈ నెల మొదటి బుధవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఊరంతా సైరన్లు మోగాయి. నేను ఆఫీసులో ఉన్నాను. ఎటు వెళ్లాలో తెలియక నా భార్య ఏడు నెలల పాపను ఎత్తుకుని, కారు తాళాలు పట్టుకుని కిందికి దిగి పార్కింగ్‌లో నిలబడిపోయింది. నెలనెలా జరిగే పరీక్ష అది అని పక్కింటావిడ చెప్పేదాకా ఆమెకు వణుకు తగ్గలేదు. మే నెలలో మా అమ్మానాన్నలు వస్తున్నారు, వారికి ఇంగ్లీషు రాదు. గోదావరి ఒడ్డున పెరిగిన మాకు వరదలు, తుఫాన్లు తెలుసు గానీ టోర్నడో గురించి ఏమీ తెలియదు. నిజంగా వచ్చినప్పుడు ఏం చేయాలి? కారెక్కి దూరంగా వెళ్లిపోవడం మంచిదా?

మొదటి జవాబు, డాలస్ పక్కనే ఉన్న రిచర్డ్‌సన్ నుంచి

తమ్ముడూ, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఇంట్లో ఉండగా టోర్నడో వార్నింగ్, అంటే సుడిగాలి దగ్గరలో ఉందన్న హెచ్చరిక, వస్తే కారెక్కవద్దు. మీ శ్రీమతి ఆ రోజు పార్కింగ్‌లో నిలబడటంలో ఆవిడ తప్పేమీ లేదు; ఎటు వెళ్లాలో ముందుగా అనుకుని ఉండకపోతే ఎవరైనా అలాగే చేస్తారు. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే: ఆ చోటు ఏదన్నది ఎండ కాస్తున్న రోజున ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకుని, ఒకసారి నడిచి చూసుకోవాలి. సైరన్ మోగాక ఆలోచించడానికి వ్యవధి ఉండదు.

మనవాళ్లు చాలామంది పొరబడేది తుఫాను అలవాటు వల్ల. మాది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ఊరి దగ్గర తీరం దాటేముందు, అది బంగాళాఖాతంలో ఎక్కడుందో, ఎటు కదులుతోందో రోజుల తరబడి టీవీలో చెబుతూనే ఉన్నారు. బియ్యం, కొవ్వొత్తులు, మంచినీళ్లు సర్దుకోవడానికి మా వాళ్లకు కావలసినంత సమయం దొరికింది. తుఫాను వందల కిలోమీటర్ల మేర విస్తరించి గంటల తరబడి కొడుతుంది. టోర్నడో అలా కాదు. చాలావాటి వెడల్పు కొన్ని వందల మీటర్లకు మించదు, ఒక ఇంటిని దాటిపోవడానికి దానికి నిమిషం కూడా పట్టకపోవచ్చు, వార్నింగ్ వచ్చాక మనకు చిక్కే వ్యవధి సాధారణంగా పది నిమిషాలకు అటూ ఇటూ ఉంటుంది. ఒక్కోసారి అది కూడా ఉండదు. తుఫానుకు సరిపోయే నిదానం ఇక్కడ ప్రాణం మీదకు తెస్తుంది.

ఇది ఎలా పుడుతుందో కొంత తెలిస్తే వాతావరణ సూచనలు అర్థమవుతాయి. వసంతకాలంలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి తడితో నిండిన వెచ్చని గాలి టెక్సస్ మీదకు వస్తుంది, పడమటి ఎడారి భూముల నుంచి పొడిగాలి వస్తుంది, ఎంతో ఎత్తున చల్లని గాలి వేగంగా వీస్తుంటుంది. నేల దగ్గర గాలి ఒక దిక్కున, పైన మరొక దిక్కున, వేరు వేరు వేగాలతో వీస్తున్నప్పుడు నడుమ ఉన్న గాలి అప్పడాల కర్ర దొర్లినట్టు అడ్డంగా సుడి తిరుగుతుంది. ఉరుముల మేఘంలోకి ఎగసే వెచ్చని గాలి ఆ సుడిని నిలువుగా లేపుతుంది. అప్పుడు మేఘమే నెమ్మదిగా తిరగడం మొదలుపెడుతుంది. దానిని సూపర్‌సెల్ అంటారు. ఆ తిరుగుడు బిగుసుకుని నేలను తాకితే అదే టోర్నడో. ప్రతి సూపర్‌సెల్ నుంచీ టోర్నడో పుట్టదు, ఏది పుట్టిస్తుందో ముందుగా కచ్చితంగా చెప్పడం ఇప్పటికీ సాధ్యం కావడం లేదు. అందుకే వార్నింగ్ వచ్చిన ప్రతిసారీ టోర్నడో రాదు. రెండుసార్లు రాలేదని మూడోసారి పట్టించుకోకపోవడమే పెద్ద ప్రమాదం. 2011 మేలో మిస్సోరీలోని జాప్లిన్‌లో 150 మందికి పైగా చనిపోయారు. అక్కడ చాలామంది మొదటి సైరన్ విన్నాక కూడా నిజమో కాదో చూద్దామని ఆగారని తరువాత జరిగిన పరిశీలనల్లో తేలింది.

టోర్నడో వాచ్ అంటే రాబోయే కొన్ని గంటల్లో ఏర్పడే పరిస్థితులు ఉన్నాయని అర్థం. ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉన్న తుఫాను అంచనా కేంద్రం దీన్ని అనేక కౌంటీలకు (మన జిల్లాల లాంటివి) కలిపి ప్రకటిస్తుంది. అప్పుడు వంట మానుకోనక్కరలేదు గానీ, ఫోన్లు చార్జింగ్‌లో పెట్టుకోవాలి, పాప సంచి సర్దుకోవాలి, దూర ప్రయాణాలు వాయిదా వేసుకోవాలి. టోర్నడో వార్నింగ్ అంటే రాడార్‌లో సుడి కనిపించింది, లేదా ఎవరో కళ్లారా చూశారు. మన ప్రాంతానికి దీన్ని ఫోర్ట్‌వర్త్‌లోని జాతీయ వాతావరణ శాఖ కార్యాలయం ఇస్తుంది. ఇది వచ్చాక కదలడం తప్ప మరో పని లేదు. ఈ రెండు మాటలను మీ అమ్మానాన్నలకు కూడా ఇలాగే, వాచ్, వార్నింగ్ అనే నేర్పండి, ఎందుకంటే ఫోన్ మీద, టీవీ మీద కనిపించేవి అవే.

సైరన్ ఆరుబయట ఉన్నవారి కోసం పెట్టినది. ఏసీ నడుస్తూ కిటికీలు మూసి ఉన్న గదిలో అర్ధరాత్రి అది వినిపిస్తుందని నమ్ముకోకండి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లోని నోటిఫికేషన్ల పేజీ అట్టడుగున ప్రభుత్వ హెచ్చరికలు ఉంటాయి, అవి ఆన్‌లో ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి. పెద్దవాళ్లు ఇండియా నుంచి తెచ్చుకునే ఫోన్ ఇక్కడి హెచ్చరికలకు మోగుతుందని అనుకోవద్దు. బ్యాటరీతో కూడా నడిచే వాతావరణ రేడియో ఒకటి కొని, పడకగదిలో పెట్టి, మీ కౌంటీని అందులో అమర్చండి. కౌంటీ అన్నాను కాబట్టి ఇంకొక మాట. ఇక్కడ టీవీలో ఊరి పేరుతో పాటు కౌంటీ పేరు, రహదారుల పేర్లు చెబుతారు. ఉత్తర డాలస్ చివరి భాగం కొంత కాలిన్ కౌంటీలోకి, కొంత డెంటన్‌లోకి వస్తుంది. మీ ఇల్లు ఏ కౌంటీలో ఉందో, ఏ రెండు పెద్ద రోడ్ల మధ్య ఉందో మీ శ్రీమతికి నోటికి రావాలి.

ఇప్పుడు మూడో అంతస్తు సంగతి. వీలైనంత కిందికి, వీలైనంత లోపలికి, కిటికీలు లేని చిన్న గదిలోకి వెళ్లాలన్నది సూత్రం. డాలస్ చుట్టుపక్కల బంకమట్టి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి ఇళ్లకు నేలమాళిగలు దాదాపు ఉండవు. మీరు చేయవలసింది కింది అంతస్తులో ఉన్న కుటుంబంతో పరిచయం చేసుకోవడం. వాళ్లు తెలుగువారైనా కాకపోయినా, ఒక సాయంత్రం పాపను ఎత్తుకుని వెళ్లి, “వార్నింగ్ వస్తే మీ స్నానాల గదిలోనో, దుస్తుల గదిలోనో మాకు చోటిస్తారా” అని అడగండి. ఇక్కడివారికి ఈ భయం తెలుసు, కాదనేవారు అరుదు. వాచ్ రాగానే, వాన మొదలుకాకముందే కిందికి దిగిపోవడం మీకు ఉత్తమం. వార్నింగ్ వచ్చాక వడగళ్లలో బయటి మెట్ల మీదుగా పాపతో దిగడం కష్టం. దిగే వ్యవధి లేకపోతే మీ ఇంట్లోనే నడుమ ఉన్న స్నానాల గదిలో తొట్టిలో కూర్చుని, పరుపును మీపైన కప్పుకోండి. లిఫ్టు ఎక్కవద్దు. గాలి ఒత్తిడి తగ్గుతుందని కిటికీలు తెరవాలనే మాట పాతకాలపు అపోహ, దానివల్ల మేలు లేకపోగా కిటికీ దగ్గరికి వెళ్లినందుకు గాజు తగులుతుంది.

2019 అక్టోబరు 20, ఆదివారం రాత్రి మా ఇంట్లో జరిగింది చెబుతాను. రాత్రి తొమ్మిది కావస్తుండగా ఫోన్లన్నీ ఒక్కసారిగా అరిచాయి. నేను మన ఊళ్లో చేసినట్టే, మబ్బు ఎటు పట్టిందో చూద్దామని వెనుక గాజు తలుపు దగ్గరికి వెళ్లాను. చీకటిలో ఏమీ కనిపించలేదు. నా భార్య చేయి పట్టి లాగితే మెట్ల కింది అరలోకి వెళ్లాము. మా అమ్మ దేవుడి దీపం ఆర్పి వస్తానని వెనక్కి తిరిగింది, ఆమెను బలవంతంగా తీసుకురావలసి వచ్చింది. కరెంటు పోయింది, చెవులు గుయ్యిమన్నాయి, తరువాత చెట్టు విరిగిన చప్పుడు, గాజు పగిలిన చప్పుడు. మేము దాని దారికి కాస్త పక్కన ఉన్నాము కాబట్టి ఇల్లు నిలిచింది. కానీ బయటికి వచ్చినప్పుడు అందరివీ ఉత్త కాళ్లే. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గరే కదా ఉండేది! నడవా అంతా గాజు పెంకులు. చీకటిలో రెండడుగులు వేసేసరికి మా అమ్మ పాదం చీరుకుపోయింది. చెట్లు పడి వీధి మూసుకుపోవడంతో తెల్లవారేదాకా తువ్వాలు చుట్టి కూర్చున్నాము. గంటకు 140 మైళ్ల గాలితో, సున్నా నుంచి ఐదు దాకా ఉండే కొలతలో మూడో స్థాయి టోర్నడోగా తేలిన ఆ సుడి జనం కిక్కిరిసిన ప్రాంతం మీదుగా పదిహేను మైళ్లు పోయినా ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆనాటి నుంచి మా మెట్ల కింది అరలో అందరికీ గట్టి అడుగున్న బూట్లు, పిల్లల సైకిల్ హెల్మెట్లు, ఒక టార్చి, ఒక ఈల ఉంటాయి. శిథిలాల కింద గొంతు పోయినా ఈల ఊదవచ్చు. పాపను కారు సీటుతో సహా తెచ్చి అందులో బెల్టు పెట్టి కూర్చోబెట్టండి.

రెండో జవాబు, ఓక్లహోమాలోని మూర్ నుంచి

బాబూ, అన్నయ్యగారు చెప్పినవన్నీ పాటించు. మా ఊరిని 1999 మే 3న, మళ్లీ 2013 మే 20న అత్యధిక స్థాయి టోర్నడోలు తాకాయి. రెండోసారి ఇరవై నలుగురు పోయారు, వారిలో ఏడుగురు ప్రాథమిక పాఠశాల పిల్లలు. ఆ బడి వైపు వెళ్లినప్పుడల్లా నాకు ఇప్పటికీ మాట పెగలదు.

కారు గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆ తరువాత పదకొండు రోజులకే, మే 31న ఎల్ రీనో దగ్గర మరొకటి వచ్చింది. దాని వెడల్పు ఒక దశలో 2.6 మైళ్లు, ఇప్పటిదాకా కొలిచిన వాటిలో అదే అతి వెడల్పైనది. మూర్‌లో జరిగింది కళ్ల ముందే ఉండటంతో జనం ఇళ్లు వదిలి కార్లలో బయలుదేరారు, రహదారులు నిండిపోయి కదలలేని స్థితి వచ్చింది. ఆ టోర్నడోలో చనిపోయిన ఎనిమిది మందీ వాహనాల్లో ఉన్నవారే. టోర్నడోలను చదవడానికే జీవితమంతా ఇచ్చిన టిమ్ సమారస్ కూడా కొడుకుతో, సహచరుడితో సహా కారులోనే పోయాడు. ఎంతో తెలిసినవారినే అది దారి మార్చి పట్టుకుంది. మీ దగ్గర 2015 డిసెంబరు 26 రాత్రి గార్లండ్‌లో పోయినవారిలో కూడా ఎక్కువమంది రహదారి మీద కార్లలో ఉన్నవారే. డిసెంబరు అని గమనించు. ఏప్రిల్, మే నెలలు దాటితే భయం లేదనుకోవద్దు. దారిలో ఉండగా చిక్కుకుంటే దగ్గరలోని దుకాణంలోకో, పెట్రోలు బంకు భవనంలోకో వెళ్లి స్నానాల గది అడగాలి. వంతెన కింద మాత్రం ఆగవద్దు, ఆ ఇరుకులో గాలి ఇంకా ఉధృతమవుతుంది. 1999లో అలా తలదాచుకున్నవారిలో ముగ్గురు పోయారు.

మీ అమ్మానాన్నల కోసం నేను మా అత్తగారికి చేసినట్టు చెయ్యి. ఫ్రిజ్ తలుపు మీద పెద్ద తెలుగు అక్షరాలతో రాసి అంటించాను: “ఫోను గట్టిగా గీపెడితే స్టవ్ ఆర్పండి. బూట్లు వేసుకోండి. స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకోండి. మేము వచ్చి పిలిచేదాకా బయటికి రావద్దు.” మా దగ్గర ప్రతి శనివారం మధ్యాహ్నం పన్నెండుకు సైరన్ పరీక్ష జరుగుతుంది. మొదటి నాలుగు వారాలు ఆ సైరన్‌తో పాటు ఆవిడను నడిపించాను. మీకు నెలకు ఒక్కసారే కాబట్టి ఆ బుధవారం ఇంట్లో ఉండేలా చూసుకో. దీపం ఆర్పడానికి, పెళ్లి ఫోటోలు తీసుకోవడానికి వెనక్కి వెళ్లరాదని పెద్దవాళ్లకు ముందే నచ్చజెప్పాలి. ఆ క్షణంలో చెబితే వినరు.

ప్రశ్న అడిగినవారు

అన్నయ్యగారికీ, అక్కగారికీ ధన్యవాదాలు. కింది అంతస్తులో ఒక పెద్ద వయసు మెక్సికన్ దంపతులు ఉన్నారు, నిన్న సాయంత్రం వెళ్లి అడిగాము. ఆవిడ మమ్మల్ని లోపలికి తీసుకువెళ్లి, దుస్తుల గదిలో పెట్టెలు జరిపి చోటు చూపించారు. ఆదివారం గడియారం చూసుకుని, పాపను కారు సీటులో పెట్టుకుని దిగి చూశాము. నాలుగు నిమిషాలు పట్టింది. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, భీమా సంగతి కూడా చెప్పగలరా?

రిచర్డ్‌సన్ నుంచి

నాలుగు నిమిషాలు ఎక్కువే, బూట్లు, పాప సంచి తలుపు పక్కనే ఉంచితే తగ్గుతుంది. పాస్‌పోర్టులు, ఐ-797 (వీసా అనుమతి) కాగితాలు, పాప జనన ధ్రువపత్రం ఒక జిప్ సంచిలో వేసి ఆ పాప సంచిలోనే పెట్టండి, వాటి ఫోటోలు తీసి ఇండియాలో ఉన్న మీ వాళ్లకు కూడా పంపండి. అద్దె ఇంట్లో ఉన్నవారి సామానుకు యజమాని భీమా వర్తించదు, మీరే వేరుగా రెంటర్స్ భీమా తీసుకోవాలి. కారుకు కాంప్రిహెన్సివ్ (ఢీకొనడం కాక ఇతర నష్టాలకు వర్తించే) భీమా లేకపోతే వడగళ్ల దెబ్బకు పైసా రాదు, డాలస్‌లో టోర్నడో కంటే ఎక్కువసార్లు ఎదురయ్యేది అదే. ఈ వారాంతంలో ఇంట్లోని ఒక్కొక్క గదినీ ఫోన్‌లో వీడియో తీసి దాచుకోండి.

ఇంకొక మాట. పగలు ఆ దంపతులు ఇంట్లో లేకపోతే మీ అమ్మానాన్నలు తాళం వేసిన తలుపు ముందు నిలబడవలసి వస్తుంది. ఒక తాళంచెవి మీ దగ్గర ఉంచుతారేమో అడగండి. ఇవ్వడానికి ఇష్టపడకపోతే, పగలు మాత్రం పై ఇంట్లోనే స్నానాల గదిలోకి వెళ్లమని మీ కాగితం మీద రాయండి.