పర్ఫ్యూమ్ యాడ్‌కి అన్ని పైసలు ఎందుకు పెడతరు?

హన్మకొండ_కెమెరా:
అన్నలూ, ఫ్రెండ్స్‌మి కలిసి షార్ట్ ఫిల్మ్స్ తీస్తుంటం. మండిబజార్‌ల అత్తర్ షాపాయన 1 నిమిషం వీడియో తీసియ్యమన్నడు, అందుకని పెద్ద కంపెనీల యాడ్స్ అన్ని ముందటేసుకొని చూస్తున్న. 2004ల డైరెక్టర్ బాజ్ లుర్మన్ హీరోయిన్ నికోల్ కిడ్‌మన్‌తోని షనెల్ నంబర్ 5 అనే సెంటుకి తీసింది చూస్తే దిమ్మ తిరిగింది, 3 నిమిషాల సినిమాకి 3.3 కోట్ల డాలర్లని అప్పట్ల పేపర్లల్ల వచ్చింది. హీరోయిన్ ఫొటోగ్రాఫర్లను తప్పించుకొని ట్యాక్సీ ఎక్కుతది, ఒక పేద రైటర్‌తోని మేడ మీద ఉంటది, మళ్ల వాపస్ పోతది. సెంటు ఎట్ల వాసనొస్తదో ఒక్క ముక్క లేదు! గిట్ల తీస్తే ఎవలు కొంటరు?

కాజీపేట_ఎడిటర్:
స్క్రీన్‌ల కెల్లి వాసన రాదు గదా తమ్మీ, అందుకే పూసుకున్న మనిషిని చూపిస్తరు. ఆఖర్ల ఆమె మెట్లెక్కుతుంటే బోసి వీపు మీద నంబర్ 5 లాకెట్ ఊగుతది, ఆ పోరడేమో మేడ మీద కూసొని ఆమె నవ్వు, ఆమె సెంటు యాది చేసుకుంటడు. నాకు మాత్రం ఆ లాకెట్ షాట్ ఇప్పటికీ కండ్లల్ల ఉన్నది. ఇంకోటి, మాటలు తక్కువుంటే ఏ దేశంల వేసినా నడుస్తది.

ఓరుగల్లు_పిల్ల:
పెద్ద సెట్టింగులుంటేనే యాడ్ మంచిగొస్తదంటే నేనొప్పుకోను. 2016ల స్పైక్ జోన్జ్ కెంజో కంపెనీ సెంటుకి తీసింది చూడు, మార్గరెట్ క్వాలీ అనే యాక్టర్ దావత్‌ల కెల్లి లేచొచ్చి ఖాళీ వరండాలల్ల ఒక్కతే పిచ్చిపట్టినట్టు డాన్స్ చేస్తది, మొఖం వంకర్లు పోతది, అద్దాల ముందట గంతులేస్తది, బిల్డింగ్ ఒకటే మనిషి ఒకతే. పెద్ద డైరెక్టరే, పైసలు వాళ్లకూ ఉంటయ్, కానీ పట్టి కూసోబెట్టేది ఆ పిల్ల ఒళ్లు.

అత్తర్_ఇంటోడు:
మా తాత జుమ్మా రోజు దూది ఉండ అత్తర్ల ముంచి చెవి మడతల పెట్టుకునేటోడు. అత్తర్ స్ప్రే కాదు భాయ్, దయచేసి బుస్సుమని కొట్టినట్టు తియ్యకు. కాడతోని ఒక్క చుక్క మనికట్టు మీద రాస్తరు, కొనేటాయన చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకొని కండ్లు మూసుకుంటడు చూడు, ఆ ఒక్క క్షణం పట్టుకో. షాపుల మిట్టీ అత్తర్ ఉందా అడుగు, యూపీల కన్నౌజ్‌ల కాల్చిన మట్టిని డేగ్ అనే రాగి గిన్నెల ఉడకబెట్టి ఆ ఆవిరిని గంధం నూనెల పట్టిస్తరు, తొలకరి వాన పడ్డట్టే ఉంటది.

హన్మకొండ_కెమెరా:
మిట్టీ అత్తర్ ఉన్నదట, ఇప్పుడే ఫోన్ చేసి అడిగిన. ఐతారం షాప్ తెరవంగనే పోయి వచ్చిన గిరాకీ మొఖాలే తీస్త, అడిగే తీస్త. కాడ షాట్‌కి మస్తు దగ్గరికెల్లి తీసే మాక్రో లెన్స్ కావాలె, కాజీపేటన్నా నీ దగ్గర ఉంటే జర ఇస్తవా?