అప్‌డేట్: మా పిన్ని సర్కస్ కథ స్టేజీ ఎక్కింది

సర్కస్‌లో పెరిగిన పిన్ని తన కథను ఒక్కతే ఆడి చూపించాలంటోంది, హాల్లో ఊయల కట్టొచ్చా అని మిమ్మల్ని అడిగాను కదా. కుదరలేదు. తిరుపతిలో మేం అడిగిన హాళ్లవాళ్లెవరూ ఒప్పుకోలేదు. పెద్ద ఊపులో కొక్కెం మీద ఒంటి బరువుకు రెండు మూడింతల లాగుడు పడుతుంది, వాళ్ల భయమూ న్యాయమే.

మీలో ఒకరు చెప్పినట్టు నేల మీది విన్యాసాలే పెట్టుకున్నాం. కుర్చీ మీద తలకిందులుగా నిలబడి, చిన్నప్పుడే డేరాలో చేరిన సంగతి చెబుతుంటే నాకు ఒకటే టెన్షన్. పిల్లల్ని సర్కస్‌లో పెట్టకూడదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట ఎవరో ఎత్తితే, “మా కాలంలో ఏడుంది ఆ కోర్టు?” అని నవ్వేసింది. ఇప్పుడు చిత్తూరులోనూ వేయమంటున్నారు. ముందు మందమైన పరుపొకటి కొనాలి.