ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాలు దొరకడం లేదు, ఎలా వెతకాలి?

ఒంగోలుగిత్త:
మా తాత దగ్గర పశువైద్యం పుస్తకం ఒకటి ఉండేది. ఎద్దు మేత ముట్టకపోతే అందులో చూసి కషాయం కాచేవాడు. అట్ట, మొదటి పేజీలు చెదలు తినేశాయి. రచయితెవరో తెలీదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత పుస్తకాల సైట్లో "పాత పశువైద్యం పుస్తకం తెలుగు పీడీఎఫ్" అని తెలుగులోనే కొట్టాను, ఒక్కటీ రాలేదు. నిజంగా లేదా, నాకే వెతకడం రాదా?

నిద్రమొహం:
గూగుల్‌లో కొట్టు బ్రో.

అచ్చుతప్పు:
గూగుల్ సంగతి తర్వాత. మీరు కొట్లో మనిషిని అడిగినట్టు అడుగుతున్నారండీ. ఎన్ని మాటలు వేస్తే అన్నీ ఒకే పుస్తకం వివరాల్లో ఉండాలని చూస్తుంది ఆ సైటు. ఏ పుస్తకమైనా తన పేరులో "పాత" అని పెట్టుకుంటుందా?

అసలు తంటా లిపితో. అక్కడి పాత తెలుగు పుస్తకాల్లో చాలావరకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ ప్రాజెక్టు స్కాన్లు. పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో, ఎక్కించినవాళ్లకు తోచిన స్పెల్లింగుతో ఉంటాయి. "పశు"లో శకారానికి ఒకచోట ఒట్టి ఎస్, ఇంకోచోట ఎస్ హెచ్. "వైద్యం" ఎమ్‌తో ఆగొచ్చు, "వైద్యము" అయి చివర యు తగలొచ్చు. "చరిత్ర"కైతే నాకు నాలుగు రకాలు తగిలాయి! అందుకే ఇంగ్లిషులో సగం మాట కొట్టి నక్షత్రం గుర్తు (*) పెట్టండి, ఆ తర్వాత ఏ అక్షరాలున్నా సరే అని దానర్థం. "పశు" రెండు స్పెల్లింగులకూ నక్షత్రాలు తగిలించి, మధ్యలో "లేదా" అనే అర్థమొచ్చే ఇంగ్లిషు మాట OR పెద్ద అక్షరాల్లో వేస్తే రెండూ వస్తాయి. తర్వాత "వైద్య" విడిగా.

భాష ఫిల్టర్ మొదటే నొక్కకండి, భాష నింపని పుస్తకాలు రాలిపోతాయి. లోపలి పాఠంలో వెతికే ఆప్షన్ మీద ఆశ పెట్టుకోకండి. ఆ స్కాన్లలో చాలావాటికి తెలుగు ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాల్ని వెతకగలిగే పాఠంగా మార్చడం) లేదు, పేజీలన్నీ ఉత్త ఫొటోలే. రచయిత పేరు తెలిసినా అంతే, ఆ గడి కొన్నిచోట్ల ఖాళీ.

నిద్రమొహం:
సర్, గూగుల్‌లో సైట్, కోలన్, ఆర్కైవ్ అడ్రస్ కొట్టినా ఆ ఒక్క సైట్లోనే వెతుకుతుంది కదా?

అచ్చుతప్పు:
వెతుకుతుంది. కానీ అక్కడా స్పెల్లింగు గోల తప్పదు, నాయనా.

ఒంగోలుగిత్త:
నక్షత్రం పనిచేసింది! రెండు దొరికాయి. ఒకటి మనుషుల వైద్యం. రెండోదాంట్లో వాము, శొంఠి కషాయం ఉంది గానీ, మా పుస్తకంలో ఎద్దు బొమ్మ ఎడమవైపు చూస్తున్నట్టు గుర్తు. సాయంత్రం నాన్నకి చూపిస్తాను.