అడగకుండానే ఇతరుల చిత్రాన్ని దిద్దవచ్చునా?

ప్రశ్న

కొత్తగా గీయడం మొదలుపెట్టిన ఒక చిత్రకారిణి, తాను వేసిన వృద్ధుడి ముఖచిత్రాన్ని గత వారం మా ఆన్‌లైన్ బృందంలో అందరి ముందూ ఉంచారు. అందులో కిటికీ ఏ వైపున ఉందో ముక్కు నీడ కూడా ఆ వైపు చెంప మీదే పడింది. నేను ఆ సంగతి చెప్పి ఊరుకోక, చిత్రాన్ని డౌన్‌లోడ్ చేసుకొని, నీడను చెరిపి రెండో చెంప మీద వేసి, అందరూ చూసేలా అక్కడే పెట్టాను. మర్నాటికి ఆమె తన చిత్రాన్ని తొలగించారు. ఆ తరువాత మరేదీ చూపలేదు. నేను ఎత్తి చూపిన లోపం నిజమైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయినా మనసు కుదుటపడటం లేదు. నేను ఎక్కడ హద్దు దాటాను?

మొదటి సమాధానం

ఆమె అనుమతి లేకుండా ఆమె బొమ్మ మీద చేయి వేయడమే తప్పని నా అభిప్రాయం. నాకు చిత్రలేఖనం నేర్పిన గురువుగారు దిద్దవలసి వచ్చినప్పుడు నన్ను అడిగి, నా కాగితం మీద పలుచని ట్రేసింగ్ కాగితం పరిచి, దాని మీదే గీసి చూపేవారు. ఆ కాగితం తీసేస్తే నా గీత నాకు అలాగే మిగిలేది. డిజిటల్ చిత్రమైతే ఆ పనిని వేరే లేయర్‌లో, అంటే అసలు బొమ్మను తాకని విడి పొరలో చేసి, ఆమె సరేనన్నాక, ఆమెకు మాత్రమే పంపితే సరిపోయేది.

రెండవ సమాధానం

అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన విమర్శ పద్ధతిలో నాలుగు మెట్లున్నాయి. చూసినవారు ముందుగా తమను ఆకట్టుకున్నదేమిటో చెబుతారు. తరువాత కళాకారులు తమ సందేహాలను అడుగుతారు. ఆపైన చూసినవారు ఏ అభిప్రాయమూ ధ్వనించని ప్రశ్నలు వేస్తారు. చివరికి, కళాకారులు ఒప్పుకుంటేనే, తమ అభిప్రాయం చెబుతారు. నాకు మూడవ మెట్టు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. "ఈ ముఖం మీద వెలుగు ఎక్కడి నుంచి పడుతోంది?" అని మీరు అడిగి ఉంటే, పొరపాటును ఆమే పసిగట్టేవారేమో. లేదా చిత్రానికి ఆవల, కిటికీకి ఎదురుగా, అంతకన్నా ప్రకాశవంతమైన దీపం ఉందని చెప్పేవారేమో. అప్పుడు నీడ కిటికీ వైపు పడటమే సరైనది.

మూడవ సమాధానం

పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక భయం చెప్పాలి. నొప్పిస్తామేమోనని అందరూ "అద్భుతం" అని సరిపెట్టడం వల్ల నేను రెండేళ్లు చేతివేళ్లన్నిటినీ ఒకే పొడవున గీస్తూ వచ్చాను. అడిగినవారికి లోపం చెప్పకపోవడం కూడా అన్యాయమే. ప్రదర్శనలో అమ్మకానికి పెట్టిన ప్రముఖుల చిత్రాల మీద విమర్శ మరింత ఘాటుగా ఉన్నా తప్పులేదు. అయితే అక్కడ కూడా మాట చిత్రం మీదే నిలవాలి. 1877లో ఆంగ్ల కళా విమర్శకుడు జాన్ రస్కిన్, విస్లర్ అనే చిత్రకారుడు వేసిన రాత్రి దృశ్యాన్ని విమర్శిస్తూ, చిత్రకారుడు జనం ముఖాన రంగు డబ్బా విసిరాడన్న అర్థంలో రాశాడు. మరుసటి ఏడాది విస్లర్ పరువునష్టం దావా గెలిచినా, అతనికి దక్కిన పరిహారం ఒక్క ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు. 1879లో అతడు దివాలా తీశాడు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. దీపం సంగతి నాకు తట్టనే లేదు. నేను దిద్దిన ప్రతిని ఇప్పుడే తొలగించాను. ఆమెకు విడిగా క్షమాపణ రాస్తాను. వెలుగు గురించి ఆమే అడిగితే తప్ప ఆ ప్రస్తావన తేను.