ఉగాండాకు పోయే ముందర టీకాల గురించి తెలిసినోళ్లు కొంచెం చెప్పండి

నమస్తే అందరికీ, మాది కడప దగ్గర పల్లె. మా తమ్మునికి ఉగాండాలో బోర్ లారీ మీద పని దొరికింది, వచ్చే నెల 20న ఫ్లైటు. ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఉంటేనే ఆ దేశంలోకి రానిస్తారంట, టీకా వేసిన 10 రోజుల తర్వాతే అది చెల్లుతుందంట, ఒకసారి వేసుకుంటే జీవితాంతం పనికొస్తుందంట, అంతవరకు తెలుసుకున్నాం. హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అనే సర్కారు సంస్థలో వేస్తారని విన్నాం. అక్కడ వేయించుకున్నోళ్లు ఉంటే ముందే బుక్ చేసుకోవాల్నా, పాస్‌పోర్ట్ కాకుండా ఇంకేం కాగితాలు తీసుకపోవాల చెప్పండి, రాత్రంతా బస్సులో పోయినాక ఈరోజు లేదు పొమ్మంటే కష్టం.

అసలు భయం ఇంకోటి ఉంది. వానికి చిన్నప్పుడు కోడిగుడ్డు తింటే మూతి వాచి ఊపిరాడక ఆస్పత్రికి ఎత్తుకపోయినాం, అప్పట్నుంచి గుడ్డు ముట్టడు. ఈ టీకా గుడ్లలోనే తయారు చేస్తారు, గుడ్డు పడనోళ్లకు ప్రమాదం అంటున్నారు. వేసే ముందు ఏమన్నా టెస్ట్ చేస్తారా? డాక్టర్ వద్దని రాసిస్తే ఆ లెటర్ ఎయిర్‌పోర్టులో ఒప్పుకుంటారా? తిరిగొచ్చేటప్పుడు కార్డు లేకుంటే మన దగ్గర 6 రోజులు క్వారంటైన్‌లో పెడతారంట, లెటర్ ఉన్నా పెడతారా? మా అమ్మ అయితే ఉద్యోగమే వద్దు అంటాంది.

మలేరియాకు పోకముందు నుంచే మాత్రలు మొదలుపెట్టి వచ్చినాక కూడా కొన్నాళ్లు మింగాలంట. ఏడాది పొడుగునా ఉండేటోళ్లు కూడా అట్లే వాడతారా, లేక దోమతెరతోనే నెట్టుకొస్తారా? అక్కడ బోర్ల పని చేసొచ్చిన అన్నలు ఎవరన్నా ఉంటే దయచేసి చెప్పండి.